అత్త లెక్క తప్పిన గోడ

ఖమ్మంలో స్టీలు రెయిలింగుల పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ గోడను కళ్లతో చూడకుండా, ఫోన్లో వచ్చిన ఒక్క ఫోటో పట్టుకుని, అందరికంటే తక్కువకు కొటేషన్ వేసి, అడ్వాన్సు కూడా జేబులో వేసుకున్నది నేనొక్కదాన్నే. మిగిలినవాళ్లు బండ్లేసుకుని అడవి అంచుదాకా పోయి టేపులు పట్టి కొలిచి వచ్చారట. నేను గల్లా దగ్గర నుంచి లేవకుండానే వాళ్లను కొట్టేశాను. మా నాన్న స్టీలు గిన్నెలు అమ్మాడు, ఆయన నాన్న ఇత్తడి బిందెలు అమ్మాడు, మూడు తరాల్లో ఇంత తెలివైన బేరం ఎవరూ చేయలేదని ఆ రోజు నేనే నాకు చెప్పుకున్నాను.

తెలివి అక్కడితో ఆగితే బాగుండేది. పని మొదలుపెట్టే ముందు ఎలాగూ కొలతలకు పోవాలి. కారు కిరాయిలో సగం ఎవరి మీద వేద్దామా అని చుట్టూ చూస్తే, భద్రాచలం రాములవారిని చూసి చాలా రోజులైందని అంటున్న మా మేనత్త కనిపించింది. ఆ గోడ ఎవరు గీశారో అప్పటికి నాకు తెలియదు.

వైరా రోడ్డు, మిర్చి ఘాటు

మా అత్త పేరు సుభద్ర. ఈ చుట్టుపక్కల తోటలకు, పార్కులకు నక్షాలు గీసిన మొదటి ఆడమనిషి ఆమే అని మా ఇంట్లో అంటారు. ఆడమనిషి కాదు, మొదటి మనిషినే నేను అని ఆమె అంటుంది. దూరపు పట్నంలో ఆ చదువు చదివి వచ్చినప్పుడు ఆ చదువుకు ఇక్కడ పేరు కూడా లేదు. మా తాత దుకాణంలో ఎవరన్నా అడిగితే "మా పిల్ల ఇంజినీరు" అనేవాడట. "దేని ఇంజినీరు?" అంటే కాసేపు ఆగి "చెట్లది" అనేవాడట. పెళ్లిచూపులకు వచ్చిన పెద్దమనిషి ఒకాయన "మొక్కలు నాటనీకి చదువెందుకమ్మా" అంటే, "పిల్లను చూడనీకి పదకొండు మంది ఎందుకు సార్" అందట మా అత్త. ఆ సంబంధం పోయింది, తరువాతివి రాలేదు, ఆమె కూడా ఎదురుచూడలేదు. బొగ్గు కాలనీల్లో పార్కులు, దవాఖానాల వాకిళ్లు, బడుల ముందు తోటలు, సత్రాల చుట్టూ చెట్లు గీసుకుంటూ తిరిగింది. ఎనభై దగ్గర పడ్డా ఇప్పటికీ మా మెట్ల మీద కుండీ ఎవరన్నా జరిపితే ఆమెకు తెలిసిపోతుంది.

మాఘం వెళ్లిపోయిన రోజులు. తల్లాడ దాకా రోడ్డు పక్కన కల్లాల్లో మిర్చి ఎర్రగా పరిచి ఉంది. అద్దాలు ఎత్తినా ఘాటు ఆగలేదు. డ్రైవర్ సైదులు ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ముక్కు పట్టుకుని నడిపాడు. తల్లాడలో చాయ్‌కి ఆగాం. కప్పు పన్నెండు రూపాయలు. ఖమ్మంలో పది కదా అని నేను మొదలుపెట్టబోతే, అత్త ముప్పై ఆరు లెక్కపెట్టి ఇచ్చేసింది.

"రెండ్రూపాయల కోసం వాని పొయ్యి ఆర్పుతవా ఏందే పద్మా?"

"అలవాటు తప్పుతదని అత్తా."

చాయ్ తాగుతూ అడిగింది, నా పని ఎక్కడని. ములకలపల్లి దాటాక ఒక ఊరి పేరు చెప్పాను. ఆ పేరు ఇక్కడ రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. సంత పక్కన పార్కు, దాని చుట్టూ గోడ, గోడ మీద మొనలున్న స్టీలు గ్రిల్ వేయాలి అన్నాను. అత్త కప్పు కింద పెట్టింది.

"ఆ గోడ నాదే."

అడ్వాన్సు అప్పటికే పైపులకు ఖర్చయిపోయింది.

"నాదేగానీ, వెయ్యి. నిండుగ వెయ్యి, గోడ కనపడకుండ వెయ్యి. నేను చేసిన పనులల్ల అదొక్కటే తప్పు."

సంతకు వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఆ గోడ గీసిందట. అక్కడి నేల పల్లం. రెండున్నర అడుగుల మట్టి తోలి లేపుతామని పెద్దలు మాటిచ్చారు. ఆ మాట నమ్మి, లేచిన నేలకు సరిపడా ఎత్తు లెక్కవేసి గోడ కట్టించింది. గోడ లేచింది, మట్టి రాలేదు. కూర్చునే గోడ కాస్తా మనిషి ఛాతీ దాకా నిలబడింది. ఎక్కి కూర్చోవాలంటే నిచ్చెన కావాలి. ప్రారంభం నాడు ఎవరో నవ్వారట. ఫీజు తిరిగి ఇచ్చేసి వచ్చింది, మళ్లీ ఆ ఊరి ముఖం చూడలేదు. తను చేసిన పనులు చెప్పేటప్పుడు దాన్ని ఎప్పుడూ కలపలేదు. అందుకే మాకెవరికీ తెలియదు.

"రేపు నేను కార్లనే కూసుంట. నువ్వు కొలుచుకొని రా," అంది.

నా పని సులువైందని లోపల సంతోషించాను.

కొత్తగూడెం: నడుమ చెట్టు లేని పార్కు

ఏన్కూరు, జూలూరుపాడు దాటితే అడవి తునకలు తునకలుగా వస్తుంది. ఆకులు రాలిన కొమ్మల మీద మోదుగ పూలు మాత్రం మంటలా ఉన్నాయి. ఖమ్మంలో మేం గోడలకు రంగు కొనేటప్పుడు ఆ ఎరుపును కళ్లకు ఎక్కువవుతుందని పక్కన పెడతాం.

కొత్తగూడెంలో లాడ్జికి సామాను చేర్చి, సాయంత్రం అత్త గీసిన కాలనీ పార్కుకు పోయాం. ఇది ఆమె గర్వపడే పని. చెట్లన్నీ అంచుల్లో గుండ్రంగా ఉన్నాయి, నడుమ అంతా ఖాళీ. పగలంతా బొగ్గు బాయిలో తల మీద బండతో పనిచేసిన మనిషికి పైకి వచ్చాక ఆకాశం కనిపించాలి, అందుకే నడుమ కొమ్మ కూడా అడ్డం రానీయలేదని చెప్పింది. వింటుంటే నాకు కూడా ఒళ్లు పొంగింది.

బెంచీ మీద ఒక రిటైర్డ్ కార్మికుడు బఠాణీలు నములుతున్నాడు. పేరు రాజలింగం. మాటల్లో పెట్టి, ఈ పార్కు ఎట్లుంటది పెద్దనాయనా అని అడిగాను. అత్త ఎవరో చెప్పలేదు.

"మంచిగుంటది బిడ్డా. కని నడుమ చెట్టు లేదేంది? ఫస్టు షిఫ్టు దిగొచ్చేటాల్లకు రెండున్నర, మూడైతుండె. నెత్తి మాడిపోతుండె. ఇది గీసినోడు ఎన్నడు ఎండల నిలబడి ఉండడని తిట్టుకునేటోళ్లం."

నేను అత్త వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదు.

"మరి ఆకాశం?" అంది అత్త నెమ్మదిగా.

"ఆకాశమేంది అమ్మా?"

"బాయిల నుంచి పైకొస్తే ఆకాశం చూడాలనిపియ్యదా?"

రాజలింగం బఠాణీ నమలడం ఆపి ఆలోచించాడు. "చాయ్ తాగాలనిపిస్తది," అన్నాడు. తరువాత నడుమ ఖాళీని చూపించాడు. అక్కడ పిల్లలు రెండు జట్లుగా క్రికెట్ ఆడుతున్నారు, అంచున ఆడవాళ్లు గుండ్రంగా నడుస్తున్నారు. "కని చెట్టుంటే వీళ్లకు జాగ ఎక్కడుండె? మా పిల్లలంత ఈడ్నే ఆడిండ్రు. మావోడు ఈడ్నే పన్ను ఇరగ్గొట్టుకున్నడు."

తిరిగి వచ్చేటప్పుడు అత్త మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగి, "ఆకాశం పోతే పాయె, పన్నన్న ఇరిగింది," అని నవ్వింది. బజ్జీలు నాలుగు ముప్పై. ఐదు ఇవ్వమని నేను గొడవపడి సాధించాను. ఐదోది చల్లగా ఉంది.

సంత

మరునాడు పాల్వంచ దాటి ములకలపల్లి రోడ్డు ఎక్కాం. పామాయిల్ తోటలు, జామాయిల్ తోటలు, వాటి వెనుక అసలు అడవి. ఆ ఊరు చేరేసరికి సంత నిండింది. కారును ఊరి బయట చింతల కింద ఆపాల్సి వచ్చింది. అత్త అన్న మాట ప్రకారం కారులోనే కూర్చుంది. నేను, సైదులు టేపు పట్టుకుని బయలుదేరాం.

పార్కు కమిటీ పెద్ద రంగారావుగారు మా కోసం చూస్తున్నాడు. వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారట. ఇప్పుడు పామాయిల్ వేస్తున్నాడు. మర్యాదస్తుడు.

"రండమ్మా, రండి. మేకలతో చచ్చిపోతున్నామండి. మొక్క పెట్టడం, అవి గోడెక్కి తినేయడం. మొనలు మాత్రం గట్టిగా ఉండాలండోయ్." గోడను ఒకసారి తట్టి, "ఎవడు కట్టాడో గానీ బుర్ర లేకుండా కట్టాడండి. కూర్చోడానికా, దూకడానికా?" అన్నాడు.

అది మా అత్త అని చెప్పలేదు. టేపు చాచాను. గోడ పైన వెడల్పాటి షాబాద్ బండలు పరిచి ఉన్నాయి, అరిగి అద్దంలా నున్నగా ఉన్నాయి. ఎందుకంత అరిగాయో అప్పుడు ఆలోచించలేదు. వంకర లేని గోడ కాబట్టి రెయిలింగు సులువుగా కూర్చుంటుందని మాత్రం లెక్కవేశాను.

కొలతలయ్యాక సంతలో పడ్డాను. అక్కడే నా కొంప మునిగింది.

జోగమ్మ అనే ఆమె రెండు మోపుల కొండచీపుర్లు తెచ్చింది. మెత్తగా, పచ్చి వాసనతో, బారెడు పొడవున్నాయి. ఖమ్మంలో వీటికి మంచి ధర ఉంది. మోపు ఎంత అన్నాను. పన్నెండు వందలు అంది. ఎనిమిది వందలు అన్నాను.

మన దగ్గర ఇక్కడి నుంచి నాటకం మొదలవుతుంది. అమ్మేవాళ్లు నెత్తి కొట్టుకుంటారు, బోణీ అంటారు, పిల్లల మీద ఒట్లు పెట్టుకుంటారు. మనం నాలుగడుగులు వేసి వెనక్కి తిరుగుతాం. జోగమ్మ ఇవేవీ చేయలేదు. నా వైపు ప్రశాంతంగా చూస్తూ కూర్చుంది. పక్కామెతో వాళ్ల కోయ భాషలో ఒక మాట అంది, ఇద్దరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయాను.

"తొమ్మిది వందలు," అన్నాను. ఆమె చీపురు ఒకటి సర్దింది.

"వెయ్యి." ఆమె చూపు తిప్పలేదు.

"సరే, పన్నెండు వందలు. కని తాడు కూడ ఇయ్యాలె."

"తాడు కట్టే ఉన్నది గదా అక్కా," అంది జోగమ్మ.

నా జీవితంలో నా మీద నేనే ధర పెంచుకున్న బేరం అదొక్కటే. ఫోన్‌తో డబ్బు కొట్టాను. కారుదాకా తెచ్చి పెట్టమన్నాను.

"ఇంకో మోపున్నది, ఇడిసిపెట్టి ఎట్ల వస్త? నువ్వే మోసుకపో."

సైదులు ఎటు పోయాడో కనిపించలేదు. చీపుర్లే కదా, దూది లాంటివే కదా అనుకున్నాను. జోగమ్మ, పక్కామె కలిసి ఎత్తి నా నెత్తిన పెట్టారు. నలభై రెండు చీపుర్లు. మంచు తేమ పట్టిన చీపుర్లు. మెడ నా భుజాల్లోకి దిగిపోయింది. పది అడుగులు బాగానే నడిచాను, అంటే నడిచానని అనుకున్నాను. ఆ తరువాత కళ్లకు చెమట కారింది. దింపుదామంటే ఒక్కదాన్ని దింపలేను. కింద పడేస్తే మళ్లీ నెత్తికి ఎత్తేవాళ్లు లేరు. ముందుకు పోలేను, వెనక్కి పోలేను. సంతంతా నన్ను చూస్తోందని తెలుస్తోంది, తల తిప్పి చూసే వీలు మాత్రం లేదు.

"గోడకు పో! అక్కా, గోడకు పో!" వెనుక నుంచి జోగమ్మ అరిచింది.

గోడ నా ఎదురుగానే ఉంది. దగ్గరికి పోయి కొంచెం ముందుకు వంగాను, అంతే. మోపు దానంతట అదే నా నెత్తి మీద నుంచి బండ మీదికి జారింది. కింద కూర్చోవాల్సిన పని లేదు, ఎవరినీ పిలవాల్సిన పని లేదు. ఊపిరి పీల్చుకుని పక్కకు చూశాను.

గోడ పొడుగూతా ఆడవాళ్లు. ఒకామె కట్టెల మోపు, ఒకామె చింతపండు గంప, ఒకామె బియ్యం సంచి, అన్నీ బండ మీద ఉన్నాయి. మోచేతులు ఆనించి నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఒకామె కొంగు చుట్టకుదురు చేసుకుని, కాస్త మోకాళ్లు వంచి, గంప కిందికి తల పెట్టి లేచింది. గంప ఆమెతో పాటే లేచింది. ఇంకొకరి చేయి తగలలేదు. నేను పొద్దున టేపు చాచి, మొనలు ఎంతెంత దూరంలో రావాలో లెక్కవేసింది సరిగ్గా ఆ బండల మీదే.

అప్పుడు చూశాను మా అత్తను. కారులో ఉక్కపోసి దిగిందట. కర్ర పట్టుకుని గోడకు కొంచెం దూరంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు.

జోగమ్మ నవ్వుకుంటూ వచ్చింది. అత్త ఆమెను అడిగింది.

"ఈ గోడ శానా ఎత్తు గదమ్మా?"

"ఎత్తేంది? మోపుకు సరిపోయింది గదా. ఇది లేనప్పుడు మా అమ్మ వాళ్లు దించుకుంటే ఎత్తెటోళ్ల కోసం చూసుకుంట కూసునేటోళ్లంట. ఎవలు కనపడకపోతే దించకుండనే పోయేటోళ్లంట. ఒకామెకు గట్లనే పోతపోత కడుపు పోయిందని చెప్తది మా అమ్మ."

"ఎవలు కట్టిండ్రో ఎరికేనా?"

"ఎవలో మోపు మోసినామెనే కట్టిచ్చి ఉంటది. మోయనోళ్లకు ఇంత ఎత్తు కావాలని ఎట్ల తెలుస్తది?"

అత్త బండ మీద చేయి పెట్టి, అరిగిన చోట అటూ ఇటూ రాసింది. నక్షా పెట్టెకంటే బరువైనది ఆమె జీవితంలో మోయలేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలుసు.

"నిన్న నేను చెప్పింది ఇడిసిపెట్టు," అంది నాతో.

రంగారావుగారితో బేరం

గోడ మీద గ్రిల్ వద్దని చెప్పగానే రంగారావుగారి ముఖం మారింది. అడ్వాన్సు తిరిగి ఇచ్చేయమన్నాడు, ఇంకొకరిని చూసుకుంటానన్నాడు. అది మామూలు బెదిరింపు కాదు. నేను తప్పుకుంటే పక్క వారం మరొకడు వచ్చి మొనలు దింపేస్తాడు. గోడ పోతుంది.

అత్త కర్రతో దుమ్ములో గీత గీసింది. గోడకు లోపల, బారెడు వెనక, గోడంత ఎత్తు కంచె. మేక గోడెక్కినా కంచె దగ్గర ఆగిపోతుంది. గోడ పైభాగం ఖాళీగా ఉంటుంది.

"మేకలకు సరేనండి. కానీ లోపల వేస్తే కనపడదు కదండీ? రేపు ప్రారంభానికి పెద్దలొస్తారు. ఏం చూపించమంటారు?"

అదీ అసలు సంగతి. మేకలు సగం, ఫోటో సగం. ఇక్కడ అత్త చదువు ఆగిపోయింది, మా నాన్న గల్లా చదువు మొదలైంది.

"గేటు మీద మీ కమిటీ పేరు, స్టీలు అక్షరాలల్ల, ఎండకు మెరిసేటట్టు. పైసా వద్దు, మా దుకాణం తరఫున."

ఆయన కళ్లు అప్పుడే మెరిశాయి. కమిటీ పూర్తి పేరు చెప్పాడు. అది మొదలై, మధ్యలో రెండుసార్లు అభివృద్ధి చెంది, సంక్షేమం దగ్గర ఆగింది. అక్షరానికి అక్షరం నా గుండె మీద పడింది. సంక్షేమం తీసేయిద్దామని అరగంట కొట్లాడాను. అభివృద్ధిలో ఒకటి మాత్రం తగ్గించాడు. పైగా 'క్షే' వంకరలు తిప్పడం ఎంత కష్టమో స్టీలు పనివాళ్లకే తెలుసు. చివరికి చేతిలో చేయి వేశాడు.

అత్త ఎవరో ఆయనకు చెప్పబోయాను. ఆమె నా మోచేయి గిల్లింది.

ఒకే వాహనంలో నేను, అత్త, సైదులు, నలభై రెండు చీపుర్లు సారపాక మీదుగా గోదావరి దాటాం. చీపుర్లు సీట్ల నడుమ నుంచి మా చెవుల్లోకి వచ్చాయి. సైదులు భద్రాచలం దాకా తుమ్ముతూనే ఉన్నాడు. నా మెడ ఎడమ వైపుకే తిరిగేది. నొప్పి మందు నూట నలభై. మందుల షాపులో బేరం నడవదని నాకు తెలుసు, అయినా అడిగాను.

భద్రాచలం

పొద్దున దర్శనం బాగా అయింది. రద్దీ లేదు. పులిహోర వేడిగా ఉంది. గోదావరి ఆ నెలలో సన్నగా, ఇసుక తిన్నెల మధ్య నిదానంగా పోతోంది. ఘాట్ మెట్ల మీద కూర్చున్నాం. నేను అత్త వైపు తిరగాలంటే ఒళ్లంతా తిప్పాలి.

పక్కన తలనీలాలిచ్చిన ఒక పెద్దామె నూనె రాసుకుంటూ అత్తను పలకరించింది. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఏం పని చేసేవాళ్లు అని వరుసగా అడిగింది. అత్త ఎప్పుడూ ఈ ప్రశ్నకు పార్కులు, దవాఖానాలు అని మొదలుపెడుతుంది, వినేవాళ్లకు నిద్ర వచ్చేదాకా చెబుతుంది.

"గోడ కట్టిచ్చిన," అంది.

"ఇల్లా?"

"కాదు. మోపులు దించుకునే గోడ."

పెద్దామెకు వెంటనే అర్థమైంది. "మంచి పని," అని నూనె సీసా మూత పెట్టుకుంది.

కాసేపటికి అత్త నా వైపు చేయి చాచింది.

"ఎనిమిది నూర్లు ఇయ్యి."

"దేనికత్తా?"

"ఆ గోడ ఫీజు. ఆనాడు తప్పు చేసినని తిరిగిచ్చిన గదా. తప్పు కాదని తేలింది. వాళ్లనడిగితే బాగుండదు. నువ్వు దించుకున్నవ్, నువ్వియ్యి."

అలవాటు ఊరుకోదు కదా. "ఎత్తు లెక్క నీది కాదు గదత్తా. మట్టి తోలనోళ్లది. ఐదు నూర్లిస్త."

అత్త జోగమ్మలాగే చూస్తూ కూర్చుంది. గోదావరి పోతోంది. ఎనిమిది వందలూ ఇచ్చాను.

లెక్క

కారు కిరాయిలో నా సగం నాలుగు వేల ఐదు వందలు. లాడ్జీలకు నా వంతు పద్దెనిమిది వందలు. తిండి, చాయ్, ఆ చల్లని ఐదో బజ్జీతో సహా, పద్నాలుగు వందల అరవై. చీపుర్లు పన్నెండు వందలు. నొప్పి మందు నూట నలభై. హుండీ, ప్రసాదం రెండు వందల పదహారు. అత్త ఫీజు ఎనిమిది వందలు. మొత్తం పది వేల నూట పదహారు.

రెయిలింగు పనిలో పద్దెనిమిది వేలు మిగులుతాయని గల్లా దగ్గర కూర్చుని లెక్కవేశాను. లోపలి కంచెకు గుంతలు, కాంక్రీటు, గేటు మీద మెరిసే సంక్షేమం పోను ఏడు వేలు మిగిలాయి. చీపుర్లు యాభై చొప్పున నలభై అమ్మితే రెండు వేలు వచ్చాయి. ఒకటి మా ఇంట్లో ఉంది, ఒకటి అత్త తీసుకుంది, డబ్బు ఇవ్వలేదు.

అన్నీ కలిపి తీసేస్తే నష్టం వెయ్యి నూట పదహారు రూపాయలు. రెండుసార్లు కూడాను, ఎక్కడా సర్దలేదు. అంకె చూసి నాకే నవ్వొచ్చి అత్తకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చూసింది.

"నష్టమని ఎందుకు రాసినవ్?" అంది. "చదివింపులని రాయి."

అట్లాగే రాశాను.